పిల్లి చెవి మీద బొచ్చు రాలితే అది తామరేనా?

పర్లాకిమిడి నుండి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వానలు మొదలైన రోజుల్లో పాతపట్నంలోని బంధువుల ఇంటి నుండి మూడు నెలల పిల్లికూనను తెచ్చుకున్నారు. దాని ఎడమ చెవి పైన, ముక్కు పక్కన బొచ్చు రాలిపోయి, బూడిద చల్లినట్టు పొట్టు లేస్తోంది. కూన పెద్దగా గోక్కోవడం లేదు, తిండి బాగానే తింటోంది. పది రోజుల తరువాత ఎనిమిదేళ్ళ పాప ముంజేతి మీద దురదతో ఎర్రని చక్రం లేచింది. అత్తగారు కూనను ఏటి అవతల వదిలేసి రమ్మంటున్నారు. పక్కింటివారు బండిలో వాడి తీసేసిన ఇంజన్ ఆయిల్ రాస్తే మూడు రోజుల్లో పోతుందంటున్నారు. మందుల దుకాణంలో అడిగితే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. ఇది తామరేనా, ఎలా తెలుసుకోవాలి, పిల్లిని ఇంట్లో ఉంచుకోవచ్చా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి తామరను గట్టిగానే అనుమానించాలి. కూన వయసు ఏడాది లోపు కావడం, మచ్చలు చెవి మీద, మూతి దగ్గర ఉండడం, పొట్టు ఉన్నా దురద తక్కువగా ఉండడం, వీటన్నిటికీ తోడు ఆ కూనను ఎత్తుకుని తిరిగే పాప చేతి మీద చక్రం లేవడం, ఈ నాలుగూ ఒకే ఇంట్లో కలిసినప్పుడు నేను మరో జబ్బు పేరు ముందుగా తలచుకోను. అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు. పశువుల ఆసుపత్రుల్లో 34 ఏళ్ళు పనిచేసిన నాకు చూడగానే తామర అనిపించి, తీరా పరీక్షలో వేరేదిగా తేలినవి చాలా ఉన్నాయి. అందువల్ల మీరు ఇంట్లో ఏం చూడగలరో, ఏది మీ చేతిలో లేదో, ఆసుపత్రికి వెళ్ళే లోపల ఏ పని చేయకూడదో వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మన సరిహద్దు ఊళ్ళలో సగం పొరపాట్లు పేరు దగ్గరే మొదలవుతాయి. మనం తామర అనేదాన్ని ఒడియావారు జాదు అంటారు, హిందీ మాట్లాడేవారు దాద్ అంటారు. గజ్జి పూర్తిగా వేరే జబ్బు. అది చర్మంలో తొలుచుకుపోయే కంటికి కనిపించని పురుగు వల్ల వస్తుంది, ఒడియాలో దాన్ని కాఛు అంటారు. మన ఇళ్ళలో మాత్రం కుక్కకు బొచ్చు రాలితే చాలు, దేన్నయినా గజ్జి అనేస్తారు. ఇంగ్లీషులో రింగ్‌వార్మ్ అనే మాట విని, అందులో వార్మ్ ఉంది కనుక పురుగు అనుకుని, నట్టల మందు బిళ్ళలు మూడుసార్లు వేసి, అయినా తగ్గలేదని కుక్కపిల్లను నా దగ్గరకు తెచ్చినవారు ఉన్నారు. తామరలో పురుగు లేదు. అది బూజు జాతికి చెందిన శిలీంధ్రం. వెంట్రుకలోను, గోటిలోను, చర్మపు పై పొరలోను ఉండే కెరాటిన్ అనే గట్టి పదార్థాన్ని తిని బతుకుతుంది. కాబట్టి నట్టల మందుకు అది లొంగదు, గజ్జి మందుకూ లొంగదు.

ఇంటి జంతువుల్లో తామర తెచ్చే శిలీంధ్రాలు ముఖ్యంగా మూడు. పిల్లుల్లో చాలా ఎక్కువగా కనిపించేది మైక్రోస్పోరం కానిస్. కానిస్ అంటే కుక్కకు చెందినదని అర్థమైనా, దాని అసలు ఇల్లు పిల్లే. రెండోది నానిజియా జిప్సియా, ఇది మట్టిలో ఉంటుంది. పెరడు తవ్వి, మూతి మట్టిలో దూర్చే కుక్కకు ముక్కు మీద, ముందరి కాళ్ళ మీద అంటుకుంటుంది. మూడోది ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్, ఎలుకల ద్వారా వచ్చేది. ధాన్యం కొట్టు దగ్గర ఎలుకలు పట్టే పిల్లికీ, బొరియలు తవ్వే కుక్కకూ దీని ప్రమాదం ఉంది. ఈ పేర్లు మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. కాని ఆసుపత్రిలో డాక్టరు మీ జంతువు ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడ తిరుగుతుంది, ఎలుకలు పడుతుందా అని అడిగినప్పుడు అవి పొద్దుపోని ప్రశ్నలు కావు. ఆ జవాబుల్లో సగం రోగనిర్ధారణ ఉంటుంది. మీ కూన తెచ్చిన ఇంట్లో దాని తల్లికీ తోబుట్టువులకూ ఇలాంటి మచ్చలు ఉన్నాయేమో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక చూడడం ఎలాగో చెబుతాను. పొద్దున్న ఎండ పడే కిటికీ దగ్గర పాత తువ్వాలు పరిచి, చేతికి పలుచటి తొడుగులు వేసుకుని, పూర్తి చేతుల చొక్కాతో కూర్చోండి. కూనను ఒడిలోకి తీసుకోకుండా తువ్వాలు మీదే ఉంచండి. బొచ్చు రాలిన మచ్చ నడిమధ్య చూడడం అందరూ చేసే పొరపాటు. మచ్చ అంచు చూడాలి, అంటే ఊడిన చోటికీ బాగున్న చోటికీ మధ్య ఉండే గీత. అక్కడ బొచ్చును రెండు వేళ్ళతో పాయ తీసి, భూతద్దం ఉంటే దానితో చూడండి. తామరలో వెంట్రుక సాధారణంగా కుదుళ్ళతో సహా ఊడిపోదు. శిలీంధ్రం తినేయడం వల్ల పెళుసుబారి మధ్యలో విరిగిపోతుంది. కోత అయిన వరిమడిలో దుబ్బులు మిగిలినట్టు, పొట్టి మోళ్ళు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తున కనిపిస్తాయి. ఆ మోళ్ళ మొదట్లో విభూతి రాసినట్టు తెల్లని, బూడిద రంగు పొట్టు అంటుకుని ఉంటుంది. కొన్ని వెంట్రుకల చుట్టూ ఆ పొట్టు గొట్టంలా పేరుకుంటుంది. తేలికగా లాగితే అలాంటి వెంట్రుక నొప్పి లేకుండా వచ్చేస్తుంది. మీసాలు ఒక పక్క పొట్టిగా విరిగి ఉన్నా అనుమానించాలి.

పిల్లి ఒళ్ళంతా వెతకనక్కరలేదు, కాని కొన్ని చోట్లు తప్పక చూడాలి. చెవుల వెనుక, చెవి అంచు, కళ్ళ చుట్టూ, గడ్డం కింద, ముందరి పంజాల వేళ్ళ సందులు, తోక కొస, గోళ్ళ మొదళ్ళు. గోరు మొద్దుబారి, పొరలుగా చిట్లి, వంకరపోతే అది కూడా ఈ జబ్బు పనే కావచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. పిల్లికి కంటికీ చెవికీ మధ్య నుదుటి పక్కన బొచ్చు పుట్టుకతోనే పలుచగా ఉంటుంది, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, అక్కడ పొట్టు ఉండదు. దాన్ని చూసి కంగారు పడి వచ్చినవారికి నేను ఎన్నోసార్లు ధైర్యం చెప్పి పంపాను.

తామర అనగానే అందరి కళ్ళకూ గుండ్రని చక్రమే కదులుతుంది. మనిషి చర్మం మీద అది చాలావరకు నిజం. పిల్లిలో మాత్రం చక్రం లేని తామరే ఎక్కువ. ఒక్కోసారి అది ఒట్టి చుండ్రులా ఉంటుంది, ఒక్కోసారి గడ్డం కింద మొటిమల్లా ఉంటుంది, ఒక్కోసారి వీపంతా చిన్న చిన్న పక్కులుగా చేతికి గరుకుగా తగులుతుంది. పెర్షియన్ వంటి పొడవు బొచ్చు పిల్లుల్లో అయితే పైకి ఏమీ కనిపించకుండానే బొచ్చు నిండా సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రపు విత్తనాల్లాంటి సన్నని కణాలు, మోస్తూ తిరగవచ్చు. ఈ మధ్య బరంపురం, విశాఖపట్నం నుండి అలాంటి కూనలను డబ్బు పెట్టి కొని తెచ్చుకుంటున్నారు. కొన్న రోజున నిగనిగలాడిన పిల్లి ఇంటికొచ్చిన మూడో వారంలో మచ్చలు చూపితే అమ్మినవాడు మోసం చేశాడని అనుకోకండి. ఈ శిలీంధ్రం సోకిన తరువాత బయటపడడానికి 1 నుండి 3 వారాలు పడుతుంది, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ. అమ్మిన రోజున అతనికీ కనిపించి ఉండకపోవచ్చు.

కుక్కలో దీనికి తలకిందులుగా ఉంటుంది. కుక్క పొట్ట మీదో, తొడ లోపలో అందంగా గీసినట్టు గుండ్రని వలయం, దాని అంచున లేచిన పొర కనిపిస్తే తామర అనుకోవడం సహజం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గుణుపురం వైపు ఒక ఊరి కుక్కకు అలాంటి వలయాలు చూసి, పరీక్ష చేయకుండానే ఐదు వారాలు శిలీంధ్రపు మందు వాడించాను. అది తగ్గలేదు, పెరిగింది. పొక్కు నుండి రసి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టించాక, అది బ్యాక్టీరియా వల్ల వచ్చిన చర్మపు చీము రోగమని తెలిసింది. చీము పొక్కు చిట్లి, దాని చుట్టూ పొర వెనక్కి జరుగుతూ పోతే సరిగ్గా తామర చక్రంలాంటి వలయమే మిగులుతుంది. ఆ కుక్కను పెంచిన ముసలాయన నా మాట నమ్మి, ఐదు వారాల పాటు కూలి డబ్బుల్లోంచి మందులు కొన్నాడు. ఆ తరువాత నేను కుక్క చర్మం మీద వలయం చూసినప్పుడల్లా ముందు బ్యాక్టీరియాను వెతికాను, తామరను రెండో స్థానంలో పెట్టాను.

పోల్చుకోవలసిన మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను. గజ్జిలో దురద భరించలేనిదిగా ఉంటుంది. కుక్క రాత్రంతా గోక్కుంటుంది, చెవి అంచులు, మోచేతులు, మడమలు ముందు చెడతాయి. పిల్లికి వచ్చే గజ్జిలో చెవుల నుండి మొదలై తల మీద మందంగా గట్టి చెక్కులు కడతాయి. ఆరు నెలల లోపు కుక్కపిల్లకు కళ్ళ చుట్టూ, పెదవి మూలన దురద లేకుండా బొచ్చు పోతే డెమోడెక్స్ అనే వేరే పురుగు కావచ్చు, చర్మాన్ని గీరి చూస్తే అది దొరుకుతుంది. తోక మొదట్లోను, నడుము వెనుక భాగంలోను బొచ్చు పోయి, పాయ తీస్తే మిరియపు పొడిలాంటి నల్లని నలుసులు కనిపిస్తే, ఆ నలుసులను తడి తెల్ల గుడ్డ మీద రాసి చూడండి. ఎర్రగా చారలు పడితే అవి గెంతుడు పేల రెట్ట. ముసలి కుక్క మోచేతుల మీద నల్లబడి మొద్దుబారిన చర్మం గచ్చు మీద పడుకోవడం వల్ల వచ్చిన కాయ మాత్రమే.

ఇంట్లోవారిని కూడా చూడాలి. జంతువు నుండి మనిషికి వచ్చే తామర సాధారణంగా జంతువు తగిలే చోట లేస్తుంది. ముంజేయి, మెడ, బుగ్గ, కూనను పెట్టుకుని పడుకునే పిల్లలకైతే పొట్ట, ఛాతీ. మీ పాపకు ముంజేతి మీద రావడం ఆ లెక్కకు సరిపోతుంది. కాని ఇంట్లో పెద్దవారికి నడుము పట్టీ దగ్గర, గజ్జల్లో నెలల తరబడి తామర ఉంటే ఆ నింద పిల్లి మీద వేయకండి. అది చాలావరకు మనిషి నుండి మనిషికి, ఒకే తువ్వాలు, ఒకే పక్కబట్టలు, ఆరని లోదుస్తుల ద్వారా పాకుతుంది. పాపను చర్మవైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి, ఇంట్లో పిల్లి ఉందని మాత్రం తప్పక చెప్పండి. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళినా, శ్రీకాకుళం వెళ్ళినా ఈ ఒక్క మాట వారి పనిని సులువు చేస్తుంది. పిల్లల తల మీద బొచ్చు ఊడి, మెత్తగా ఉబ్బి, చీము కారుతుంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. దాన్ని కురుపు అనుకుని కోయిస్తారు, కాని అది తలకు పట్టిన తామర ముదిరిన రూపం. ఆలస్యమైతే అక్కడ జుట్టు మళ్ళీ మొలవకపోవచ్చు. చక్కెర వ్యాధి ముదిరినవారు, క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, నెలల పసిబిడ్డలు ఉన్న ఇళ్ళలో మరింత అప్రమత్తంగా ఉండాలి.

నిర్ధారణకు ఆసుపత్రిలో చేసేవి మూడు పనులు. మొదటిది వుడ్ దీపం. రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1903లో చేసిన ప్రత్యేకమైన గాజు నుండి పుట్టిన దీపం ఇది. తామర పట్టిన వెంట్రుకను దీనితో గుర్తించవచ్చని 1925లో వెల్లడైంది. చీకటి గదిలో ఆ అతినీలలోహిత కాంతి వేస్తే మైక్రోస్పోరం కానిస్ పట్టిన వెంట్రుక పచ్చి జామకాయ రంగులో మెరుస్తుంది. మెరవవలసింది వెంట్రుక, పొట్టు కాదు. పొట్టు, దుమ్ము, సబ్బు మరక, పూతమందు కూడా నీలంగానో పసుపుగానో మెరుస్తాయి. మట్టి నుండి, ఎలుకల నుండి వచ్చే మిగిలిన రెండు రకాలూ అసలు మెరవవు, కాబట్టి మెరుపు లేదంటే తామర లేదని అర్థం కాదు. నోట్లు దొంగవో కావో చూసే చిన్న ఊదారంగు టార్చిలైటు కొని ఇంట్లోనే చూసుకుంటున్నవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ లైట్లలో చాలావాటి కాంతి తరంగం వేరు. వాటి కింద ఊదారంగు వెలుగే ఎక్కువ కనబడి, బాగున్న బొచ్చు కూడా మెరిసినట్టు భ్రమ కలుగుతుంది. దాని మీద ఆధారపడి మందు మొదలుపెట్టకండి.

రెండోది అంచున ఉన్న వెంట్రుకలను పీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, సూక్ష్మదర్శిని కింద చూడడం. చూసేవారికి అనుభవం ఉంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. మూడోది, అన్నిటికన్నా నమ్మదగినది, శిలీంధ్రాన్ని పెంచి చూడడం. దీనికి ఇంటి దగ్గర మీరు చేయగలిగిన సాయం ఒకటి ఉంది. విప్పని పళ్ళు తోమే బ్రష్షు ఒకటి కొనండి. పిల్లి ఒళ్ళంతా రెండు మూడు నిమిషాలు దువ్వి, మచ్చల అంచులను చివరగా దువ్వి, ఆ బ్రష్షును దాని కవరులోనే తిరిగి పెట్టి ఆసుపత్రికి ఇవ్వండి. వారు దాన్ని రంగు మారే పెంపకపు పదార్థం మీద గుచ్చుతారు. తామర శిలీంధ్రం ఉంటే తెల్లని, లేత మీగడరంగు దూది లాంటి పెరుగుదలతో పాటే పసుపు పదార్థం ఎర్రబడుతుంది. నల్లగానో పచ్చగానో పెరిగితే అది గాలిలోని మామూలు బూజు. చాలావరకు రెండు వారాల్లో తెలుస్తుంది, ఏమీ లేదని చెప్పడానికి మాత్రం 21 రోజులు చూడాలి. మీ ఊరి ఆసుపత్రిలో ఈ వసతి లేకపోతే మన వైపు వారికి విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల, ఒడిశా లోపలికి వెళ్ళేవారికి భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాల ఉన్నాయి. మచ్చకు ఏ పూతా రాయకముందే నమూనా ఇవ్వాలన్నది ఇక్కడ ముఖ్యం. రెండు రోజులు మందు రాసి తెచ్చిన వెంట్రుకలో శిలీంధ్రం ఉండి కూడా పెరగకపోవచ్చు.

పూతల సంగతి కాస్త ఎక్కువగా రాయక తప్పదు. ఒక శీతాకాలం పొద్దున్న ఆసుపత్రి తలుపు తీసేసరికి ఒక అమ్మాయి బియ్యం సంచిలో పిల్లిని చుట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. సంచి విప్పకముందే ఫినాయిల్ వాసన కొట్టింది. తామర చావాలని నాయనమ్మ ముందు రాత్రి గచ్చు తుడిచే ఫినాయిల్‌ను నీళ్ళలో కలిపి పిల్లిని ముంచి తీసిందట. పిల్లి తన ఒళ్ళు తానే నాక్కుని శుభ్రం చేసుకునే జీవి. ఫినాయిల్‌లోని ఫినాల్ జాతి పదార్థాలను విరిచే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. నోట్లో పుళ్ళు పడి, చొంగ కారుస్తూ, వణుకుతూ వచ్చిన ఆ పిల్లి మధ్యాహ్నానికి చనిపోయింది. ఆ అమ్మాయి చేతి మీద ఉన్న తామర చక్రం మూడు వారాల మందుతో మానిపోయింది. తామర ప్రాణం తీసే జబ్బు కాదు. దానికి మనం పూసేవి ప్రాణం తీస్తాయి.

ఇంజన్ ఆయిల్, కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తాయి, నాకినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. కర్పూరం కలిపిన నూనెలు, కలరా ఉండలు, కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు, ఇవేవీ పిల్లికి తగలకూడదు. తంటెం ఆకు తామరకు మన పెద్దలకు తెలిసిన మందే, సంస్కృతంలో దాని పేరే దద్రుఘ్నం, అంటే తామరను చంపేది. కాని మనిషి చర్మానికి వాడేదాన్ని నాక్కునే జంతువుకు పూయమని నేను చెప్పలేను.

మీకు దుకాణంలో ఇచ్చిన ట్యూబు మీద క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ వంటి పేరు ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది స్టీరాయిడ్. శిలీంధ్రపు మందుతో కలిపి ఒకే ట్యూబులో అమ్ముతారు. రాసిన రెండు రోజులకే ఎరుపు, దురద తగ్గి, బాగయినట్టు కనిపిస్తుంది. లోపల శిలీంధ్రం మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది, చక్రం రూపం చెరిగిపోయి డాక్టరు కూడా గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. మన దేశంలో మనుషుల తామర ఇప్పుడు ఇంత మొండిగా మారడానికి ఈ ట్యూబులు ఒక పెద్ద కారణం. ఇలాంటి స్టీరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన కూడా తెచ్చింది. దాన్ని పాపకూ రాయకండి, కూనకూ రాయకండి.

మందు విషయంలో మోతాదులు ఇక్కడ రాయను. మూడు నెలల కూనకు బరువు తూచి, కాలేయం పరిస్థితి చూసి ఇవ్వవలసినవి అవి. పిల్లులకు నోటి ద్వారా ఇచ్చేవాటిలో ఇట్రాకొనజోల్, టెర్బినాఫిన్ ముఖ్యమైనవి. కీటోకొనజోల్ బిళ్ళ మనుషుల దుకాణంలో సులువుగా దొరుకుతుంది కాని పిల్లికి మంచిది కాదు. పాత మందు గ్రిసియోఫుల్విన్ కడుపుతో ఉన్న పిల్లికి ఇస్తే పిల్లలు అవకరంతో పుడతాయి. నోటి మందు ఒక్కటే చాలదు. మైకొనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో గాని, డాక్టరు చెప్పిన సున్నం గంధకం ద్రావణంతో గాని వారానికి రెండుసార్లు ఒళ్ళంతా తడపాలి. నోటి మందు వెంట్రుక లోపలి శిలీంధ్రాన్ని ఆపుతుంది, ఒంటి మీది తడి మందు రాలిపోయే సిద్ధబీజాలను చంపుతుంది. ఒంటి మీద మచ్చ ఉన్న చోట మాత్రమే క్రీము రాసి ఊరుకుంటే మిగతా బొచ్చులో ఉన్నది అలాగే ఉంటుంది. పొట్టి బొచ్చు కూనకు గుండు చేయించవద్దు, కత్తెర గాట్లలోంచి శిలీంధ్రం ఇంకా పాకుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ఈ జబ్బు రెండు మూడు నెలల్లో దానంతట అదే కూడా మానుతుంది. మరి మందు ఎందుకంటే, ఆ రెండు మూడు నెలలూ అది రాల్చే ప్రతి వెంట్రుకా ఇంట్లోవారికి అంటించగలదు కనుక. రాలిన వెంట్రుకలో సిద్ధబీజాలు ఏడాదికి పైగా బతికి ఉండగలవు. అయితే అవి గోడ మీద బూజులాగా మన గచ్చు మీదో పరుపులోనో పెరగవు, పిల్లలు పెట్టవు. ఉన్నవి ఉంటాయి, అంతే. కాబట్టి ఇల్లంతా విషమయం చేయనక్కరలేదు, వెంట్రుకను తీసేస్తే చాలు.

దానికి చీపురు పనికిరాదు. పొడి చీపురుతో ఊడిస్తే వెంట్రుక గాలిలో లేచి మరో గదిలో పడుతుంది. కూనను సులువుగా తుడవగలిగే ఒక గదిలో ఉంచి, బొంతలు, గోనెలు తీసేసి, ఉతకగలిగిన పాత చీర ముక్క పరచండి. రోజూ తడిగుడ్డతో వెంట్రుకలన్నీ తీసి, ఆ తరువాత సబ్బునీళ్ళతో తుడవండి. వారానికి రెండుసార్లు ద్రవ బ్లీచ్‌ను 1 వంతుకు 32 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉండేలా తుడిచి, మంచినీళ్ళతో కడిగి, ఆరేవరకు కూనను ఆ గదిలోకి రానివ్వకండి. దాన్ని ఫినాయిల్‌తోగాని ఆసిడ్‌తోగాని కలపకండి, వచ్చే ఆవిరి ఊపిరికి ప్రమాదం. పక్కబట్టలు విడిగా ఉతికి పూర్తిగా ఆరబెట్టండి. మన మహేంద్రగిరి వైపు వానల్లో బట్టలు ఆరడం కష్టమని నాకు తెలుసు, అయినా తడి ఆరనివి మళ్ళీ పరచవద్దు.

గదిలో పెట్టమన్నానని కూనను ఒంటరిగా వదిలేయకండి. పసితనంలో మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన పిల్లి తరువాత కూడా బెదురుగా ఉండిపోవచ్చు. పెద్దవారు ఎవరైనా ఒకరు చేతులకు తొడుగులు, ఒంటికి పూర్తి చొక్కా వేసుకుని రోజుకు రెండుసార్లు దానితో ఆడి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. పాపను మాత్రం తలుపు బయట నుండి మాట్లాడమనండి.

మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. ఏటి అవతల వదిలిన కూన ఆ ఒడ్డు ఊళ్ళో మరో పాప ఒడిలోకే చేరుతుంది, మీ ఇంట్లో ఇప్పటికే రాలిన వెంట్రుకలు మాత్రం మీ ఇంట్లోనే ఉంటాయి. మీ పెరట్లో పెయ్యదూడ ఉంటే దాని కళ్ళ చుట్టూ, మెడ మీద బూడిద రంగు మందపాటి చెక్కులు ఉన్నాయేమో కూడా చూడండి. పశువులకు తామర తెచ్చే శిలీంధ్రం వేరు, ట్రైకోఫైటాన్ వెరుకోసం దాని పేరు, కాని అది కూడా పాలు పితికే చేతికి అంటుకుంటుంది. పాప చేతి చక్రానికి కారణం కూన కాక దూడ కావడం నేను ఇదే ప్రాంతంలో చూశాను.

ఆసుపత్రికి వెళ్ళే రోజు కూనకు స్నానం చేయించకండి, నూనె రాయకండి. మూత ఉన్న బుట్టలో పెట్టి, దువ్విన బ్రష్షు, దుకాణంలో ఇచ్చిన ట్యూబు, మచ్చ మొదటిసారి కనబడిన తేదీ రాసుకున్న కాగితం వెంట తీసుకువెళ్ళండి. మందు మొదలైన నాలుగు వారాలకు బొచ్చు మళ్ళీ మొలుస్తుంది, అప్పుడు మందు ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. మళ్ళీ ఒక కొత్త బ్రష్షు కొని, ఒళ్ళంతా దువ్వి పరీక్షకు ఇవ్వండి. అందులో ఏమీ పెరగలేదని జవాబు వచ్చి, డాక్టరు సరేనన్న రోజున గది తలుపు తీసి కూనను పాప దగ్గరకు పంపవచ్చు.